నాలుగో నంబరు సీసా

రెండు క్యాన్లూ ఇంకా వాకిట్లోనే ఉన్నాయి. పొద్దున క్యాంటీను నుంచి వెనక్కి తెచ్చి శివశంకర్ ఎక్కడ దింపాడో అక్కడే. సాయమ్మ వాటిని ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.

"పారబోసొస్తనే అమ్మా," అని కొడుకు అడగడం ఇది మూడోసారి.

"పారబొయ్యనీకి అవేమన్న కల్తీ పాలా?"

"ఇరిగిపోయినయి. వాసనొస్తున్నది. ఈగలు ముసురుతున్నయి."

"ముసరనియ్యి. నా బిడ్డ వచ్చినంక అప్పుడు సూద్దాం. రాసినామె వచ్చి వాసన జూడాలె గదా."

ఆ చీటీ ఇంకా క్యాను మూతకే అంటుకుని ఉంది. దాన్ని ఆమెకు ఎవరూ చదివి చెప్పలేదు. నిరుడు బడి అరుగు మీద నేర్చుకున్న అక్షరాలతో తనే కూడబలుక్కుంది. నంబరు నాలుగు. యూరియా ఉన్నది. మూడో మాటలో ల కింద త వత్తు దగ్గర కాసేపు ఆగింది. ఆ తర్వాత మొత్తం మాట ఒక్కసారిగా అర్థమయింది.

కింద రేఖ సంతకం. ఆ సంతకాన్ని మాత్రం కూడబలుక్కోనక్కర లేకపోయింది.

దీపాలు పెట్టే వేళకు రేఖ వచ్చింది. గేటు దగ్గరే క్యాన్లను చూసి నిలబడిపోయింది. చెప్పులు విప్పడం మరిచిపోయింది.

"వచ్చినవా సైంటిస్టమ్మా!" శివశంకర్ అరుగు మీద నుంచి లేచాడు. "రా, రా. నీ లాబు సెన్సరేం జెప్పిందో ఊరంత ఎరుకైంది. నువ్వొక్కదానివే ఎరుక లేనట్టు నిలబడ్డవేంది?"

"అన్నా... నాలుగో నంబరు మనదా?"

"కాదు, పక్క ఊరి సర్పంచుది! ఓబులమ్మ మనుమడు పుట్టిన కాడ్నించి మన పాలే తాగె. పొద్దున చీటీ జూసి ముంత బోర్లిచ్చి పట్కపోయింది. ఒక్క మాట అనలె. అన్నా బాగుండు. కాలనీవోళ్ళు ముగ్గురు బందు వెట్టిన్రు. సంతకం నీది, పేరు వొయ్యింది అమ్మది."

"సీసాల మీద నంబర్లే ఉండె. ఎవరిది ఏదో నాకు తెల్వదు."

"తెలిస్తే?"

కొట్టంలో బర్రె గౌరి మెడ గంట ఒకసారి మోగి ఆగింది.

"చెప్పు చెల్లె. అది అమ్మ సీసా అని తెలిస్తే ఏం రాస్తుంటివి?"

"గదే రాస్తుంటి."

శివశంకర్ చేతులు ఎత్తి తల్లి వైపు తిరిగాడు. "ఇన్నవా? ఇదీ నువ్వు బర్ల పెండకళ్ళు ఎత్తి సదివిచ్చిన సదువు!"

సాయమ్మ కూతురి వంక చూసింది. రేఖ వచ్చాక ఆమె ముఖంలోకి చూడడం అదే మొదటిసారి. లోపలికి వెళ్ళి పళ్ళెంలో అన్నం పెట్టి, పక్కన నీళ్ళ చెంబు పెట్టి, గడప మీద కూర్చుంది.

రేఖ రెండు ముద్దలు తిని ఆగింది.

"అమ్మా, గడ్డిల గానీ దాణాల గానీ..."

"ఏంది?"

"యూరియా బస్తా సంచుల్ల తవుడు పోసి పెట్టినవా?"

"నీ పెద్దమ్మ ఇంట్ల పెడ్తరట్ల. యూరియా మడికేస్తరు. మనకు మడి యాడుంది? మీ నాయిన పోయిన కాడ్నించి పద్దెనిమిదేండ్లయింది, నా క్యాన్ల నీళ్ళ సుక్క వడలె. కడిగినంక బోర్లిచ్చి, ఆరినంకనే పాలు వోస్త. నీకు తెల్వదా?"

"తెలుసు."

"మరి నీ బంగారం నీళ్ళకు తెల్వదా?"

రేఖ తల వంచుకుంది. అమ్మ అబద్ధమాడదు. ఆ సంగతి ఆమెకు ఎంత బాగా తెలుసో, నాలుగో నంబరు నీలంగా మారిన సంగతి కూడా అంతే బాగా తెలుసు. ఒకసారి కాదు. మూడుసార్లు చేసి చూసింది. మూడుసార్లూ నీలమే.

"రేపు మీ లాబుకు నేనొస్త," అంది సాయమ్మ లేస్తూ. "నా కండ్ల ముంగట చెయ్యి. మీ సారును గూడ నిలబెట్టు."

"సార్ ఏమంటడో..."

"ఏమన్న అననియ్యి. నేనేమన్న ఆయన ఇంటికి పిల్లనడగబోతున్ననా?"

*

పొద్దున్నే గౌరి పాలు పిండి, ఒక సీసా నింపి, కొత్త గుడ్డతో మూతి కట్టి సాయమ్మ బయలుదేరింది. ముతక చీరే, కానీ ఉతికి మడత పెట్టిన చీర. పుప్పాలగూడ దాటాక ఏడు సీట్ల ఆటోలో తల్లీకూతుళ్ళు పక్కపక్కనే కూర్చున్నారు. మాటల్లేవు. సీసా సాయమ్మ ఒడిలో ఉంది.

రాయదుర్గం దగ్గర ఎర్ర జెండా పట్టుకుని ఒకడు అడ్డం వచ్చాడు. "బండ పేలుస్తున్రు. ఆగుండ్రి. ఇంజను బందు చెయ్యి."

ఆటో ఆగింది.

"బంగారం నీళ్ళంటివి గదా," అంది సాయమ్మ, రోడ్డు వంకే చూస్తూ. "ఎర్రగుంటయంటివి. బంగారం ఎర్రగెట్లుంటదే? నా పుస్తె పచ్చగుండె."

"నీ పుస్తె పెద్దది గనక పచ్చగుండె. గదే బంగారాన్ని కంటికి ఆననంత సన్నం నలుసులు చేస్తే దానిమ్మ గింజ రంగొస్తది. వెంట్రుకను వెయ్యి చీలికలు చేస్తే ఒక్కో చీలికంత. ఒక్కో నలుసుకూ యూరియాను పట్టే మందు తొడుగుతం. నలుసులు దేనికది ఎడంగ ఉన్నంతసేపు ఎరుపు. పాలల్ల యూరియా ఉంటే అన్నీ ఒకదానికొకటి అంటుకుంటయి. అప్పుడు నీలం."

"యూరియా ఎందుకు కలుపుతరు?"

"నీళ్ళు కలిపితే పాలు పలచబడ్తయి గదా. చిక్కగ కనబడనీకి ఏస్తరు. పసిపిల్లలు తాగుతరమ్మా ఆ పాలు. నోటికి దొరకదు, కంటికి దొరకదు. మా నీళ్ళకు దొరుకుతది. పది సుక్కలు చాలు."

చివరి మాట చెప్పేటప్పుడు రేఖ గొంతు మారింది. సాయమ్మకు ఆ గొంతు తెలుసు. తను మంచి బర్రె గురించి చెప్పేటప్పుడు వచ్చే గొంతే అది.

దూరంగా బండ పేలింది. ఆటో అద్దం గలగలమంది. సీసాను రెండు చేతులతో పొదివి పట్టుకుని, "మంచి పనే," అంది సాయమ్మ. "గాని నా పాలు మంచియి."

*

మాదాపూర్‌లో అచ్చు పని చేసే దుకాణం మీద రెండు గదులు. అదే లాబు. కిటికీలోంచి కొత్త మేడ అద్దాలు కనబడతాయి. రామబ్రహ్మం గారు రాజమండ్రి వైపు మనిషి. ఉద్యోగం వదులుకుని ఈ రెండు గదుల్లో రెండేళ్ళుగా ఆ ఎర్ర నీళ్ళనే కాస్తూ, వడగడుతూ ఉన్నాడు. సాయమ్మను చూసి లేచి కుర్చీ వేశాడు.

"కూర్చోండమ్మా. రేఖ వాళ్ళ అమ్మగారని తెలిస్తే..."

"తెలిస్తే ఏం జేస్తుంటిరి సారూ?"

ఆయన నవ్వి ఊరుకున్నాడు. "పదకొండింటికి ఆనందరావు గారు వస్తారండి. క్యాంటీను కాంట్రాక్టు ఆయనదే. ఆయన పాలు కొనే అన్ని సెంటర్లలో మన పరీక్షే పెట్టడానికి కాయితం మీద సంతకం చేస్తారు. ఈలోగా మీ పని చూసేద్దాం. కానీ రేఖా."

రేఖ తెల్లకోటు వేసుకుంది. తల్లి తెచ్చిన పాలలో రెండు చుక్కల మందు వేసి విరగ్గొట్టింది.

"అయ్యో, నా పాలు ఇరగ్గొట్టినవ్ గదనే!"

"ఇరిగిన నీళ్ళే కావాలమ్మా. ఉండు."

వడగట్టిన తేట నీళ్ళు పది చుక్కలు. గాజుగొట్టంలో ఎర్ర నీళ్ళు. ముగ్గురూ వంగి చూశారు. ఎరుపు ఎరుపుగానే ఉంది. రేఖ గడియారం చూసింది. ఐదు నిమిషాలు. ఎరుపే.

"సూసిన్రా?" అంది సాయమ్మ.

రామబ్రహ్మం కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఇవాళ మంచి పాలు తెచ్చారండి."

ఆ మాట చాలా మర్యాదగా అన్నాడు. అందుకే సాయమ్మకు అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది.

"అంటే? మొన్న చెడ్డయి తెచ్చిననా?"

"నేనలా అనలేదమ్మా."

"గట్లనే అన్నరు. ఆ సీసా ఉన్నదా? నాలుగో నంబరుది?"

రేఖ ఫ్రిజ్ తెరిచింది. సీసాలో ఇంకా సగం పాలున్నాయి. ఆమె మళ్ళీ అదే పని మొదటి నుంచి చేసింది. చుక్కలు పడ్డాయో లేదో, ఎరుపు ఊదాగా మారి, ఊదా నీలి కలువ రంగులోకి తిరిగింది.

"అదీ సంగతండి," అన్నాడు రామబ్రహ్మం మెల్లగా.

సాయమ్మ గాజుగొట్టం వంక చూడలేదు. సీసా వంక చూసింది. "ఇది నోట్ల ఏసుకొని జూసినరా ఎవరన్న?"

"లాబులో వచ్చినవి ఏవీ నోట్లో వేసుకోమండి. అది రూలు."

"పాలు సారూ అయి! మన్ను గాదు!"

ఎవరూ ఆపేలోపే సీసా ఎత్తి ఒక గుక్క నోట్లో పోసుకుంది.

"అమ్మా!"

సాయమ్మ మింగలేదు. మింగనూ లేక, ఉమ్మనూ లేక అలాగే ఉండిపోయింది. ఆమె ముఖంలో కోపం పోయి ఇంకేదో వచ్చింది. చివరికి మింగి, సీసా బల్ల మీద పెట్టింది.

"ఉప్పగున్నయి."

"ఏందీ?"

"నేనే ఏసిన. మూడు గల్లుల దొడ్డుప్పు."

"ఎందుకేసినవమ్మా?" రేఖ తల్లి వైపు తిరిగింది.

"ఎందుకేంది? దిష్టికి. గౌరి తొలిసూరు ఈనింది. దాని పాలు గడప దాటుతుంటే క్యాన్ల ఒక్క గల్లు ఏస్త ఎప్పుడైన. నువ్వేమంటివి? కొత్తోళ్ళు జూస్తరు, మిషన్ల పెట్టి జూస్తరు, సుక్క సుక్క జూస్తరంటివి. గంత పెద్ద దిష్టికి ఒక్క గల్లు సాలదనుకున్న. పరీక్షకు వొయ్యే సీసల మూడేసిన."

రేఖ స్టూలు మీద కూర్చుని లెక్క వేసింది. ఒక క్యానులో ఒక్క గల్లు, ఒక్క ఉప్పురాయి, ఏ లెక్కకూ రాదు. గ్లాసెడు పాలలో మూడు గల్లులు! ఉప్పు నీళ్ళు తగిలితే బంగారు నలుసులు గుమిగూడతాయి. ఆ సంగతి ఆమె చదువుకుంది. పరీక్ష కూడా రాసింది. తొడిగిన మందు అడ్డుకుంటుందనుకున్నారు. పాలలో ఎవరైనా ఉప్పు వేస్తారని ఇద్దరికీ తోచనే లేదు.

రామబ్రహ్మం ముందుగా తేరుకున్నాడు. ఆయన ముఖంలో దాదాపు సంతోషం ఉంది.

"అయితే చిక్కు విడిపోయిందండి. పాలలో ఉప్పు కలిపినా కల్తీయే. మన మాట తప్పు కాలేదు. రేఖా, యూరియా అన్న ఒక్క మాట తీసేసి కొత్త చీటీ రాసెయ్."

"కల్తీ అన్న మాట ఉంచుతమా సార్?"

"ఉన్నదే కదా."

"మా అమ్మ కల్తీ చెయ్యలే సార్."

"అమ్మగారి మనసు గురించి కాదమ్మా మనం రాసేది. సీసాలో ఉన్నదాని గురించి."

"సీసల ఉన్నది ఉప్పు. మనం పట్టింది యూరియా అన్నం. మన నీళ్ళకు రెండిటికీ తేడా తెల్వదు సార్. అది గూడ రాస్తమా?"

రామబ్రహ్మం కిటికీ దగ్గరకు వెళ్ళాడు. మాట్లాడినప్పుడు గొంతులో కోపం లేదు.

"ఈ ఎరుపు మొదటిసారి సరిగ్గా కుదిరిన రోజు గుర్తుందా? ఇక్కడే నిలబడి ఎండకు పెట్టి చూసుకున్నాం. నువ్వు ఏడ్చావు."

"గుర్తుంది సార్."

"ఇవాళ ఆయన సంతకం పెడితే మూడు నెలల్లో ఆ తేడా కూడా మనమే సరిచేస్తాం. పెట్టకపోతే ఈ గదులకు తాళం. అప్పుడు ఎవరు సరిచేస్తారు? ఉప్పు వేసే వాళ్ళు ఊరికి ఒకరో ఇద్దరో. యూరియా వేసేవాళ్ళు ఎంతమందో నీకు తెలుసు. ఒక్క చీటీ రేఖా. ఒక్క మాట."

రేఖ తల్లి వైపు చూసింది. అమ్మ ఏదో అంటుందనుకుంది. సాయమ్మ కొంగుతో మూతి తుడుచుకుని, వెన్ను నిటారుగా పెట్టి, సంతలో బర్రెను బేరం చేసేవాడి ముందు కూర్చున్నట్టు కూర్చుంది.

మెట్ల మీద బూట్ల చప్పుడు.

*

ఆనందరావు లావుగా, చెమటగా, సంతోషంగా వచ్చాడు. గుంటూరు నుంచి వచ్చి పదేళ్ళయినా మాట మారలేదు. "ప్రైజ్ ద లార్డ్ రామబ్రహ్మం గారూ! కాయితాలన్నీ తెచ్చేశానండి. ఎక్కడ పెట్టాలో చెప్పండి సంతకం." అప్పుడే సాయమ్మను చూసి ఆగాడు. "ఏమండీ, మీరు పుప్పాలగూడ పాలావిడ కదూ?"

"నాలుగో నంబరు," అంది సాయమ్మ. "నాదే."

"చాలా బాధేసిందమ్మా. మీ పాలతో కాఫీ పెడితే మేడ మీద సాఫ్ట్‌వేర్ పిల్లలు రెండో కప్పు అడిగేవాళ్ళు. ఇలా చేశారేంటండి?"

"ఆవిడ ఒప్పుకున్నారండి," అన్నాడు రామబ్రహ్మం, తొందరగా. "ఉప్పు కలిపారట. అమాయకంగా. మన పరీక్ష మాత్రం పట్టేసింది."

"పట్టేసిందా! చూశారా!" ఆనందరావు కలం మూత తీశాడు.

రేఖ లేచింది.

"సార్, ఒక్క నిమిషం."

అరలోంచి ఉప్పు సీసా తీసింది. తల్లి ఉదయం తెచ్చిన పాల తేట నీళ్ళు ఇంకా ఉన్నాయి. రెండు గాజుగొట్టాల్లో ఎర్ర నీళ్ళు పోసి ఆనందరావు ముందు పెట్టింది.

"ఇవి ఈ పొద్దటి పాలు. మొదటి దాంట్ల ఉన్నవి ఉన్నట్టు వేస్తున్న."

ఎరుపు.

"రెండో దాంట్ల గవే పాలు, చిటికెడు ఉప్పు."

ఎరుపు కదిలింది. ఊదా అయింది. నీలం అయింది.

ఆనందరావు కలం గాలిలోనే ఉంది. "ఇందులో యూరియా లేదు కదమ్మా?"

"లేదు సార్. యూరియా ఉన్నదని నేను రాసి సంతకం పెట్టిన. తప్పు రాసిన. మా బంగారానికి యూరియా తెలుస్తది. ఉప్పు తగిలినా గట్లనే కనబడ్తది. ఆ తేడా పట్టడం మాకింకా రాలే. నాలుగో నంబరు పాలు కల్తీ కావు. మా అమ్మ దిష్టికి ఉప్పేసింది. ఈ రెండు ముక్కలు నేను చీటీ మీద రాసి ఇస్త."

రామబ్రహ్మం రెండు గొట్టాలనూ చూస్తూ ఉండిపోయాడు. రెండేళ్ళ పని ఒకటి ఎర్రగా, ఒకటి నీలంగా ఆయన ముందు నిలబడి ఉంది. తర్వాత చెయ్యి చాచాడు. "రేఖా. లాబు తాళంచెవి ఇలా ఇవ్వు."

గట్టిగా కూడా అనలేదు.

రేఖ సంచీలోంచి తాళంచెవి తీసి బల్ల మీద పెట్టింది. కోటు గుండీలు విప్పసాగింది.

ఆనందరావు సంతకం కాని కాయితాన్ని మడిచాడు. జేబులో పెట్టుకోలేదు, బల్ల మీదా పెట్టలేదు. సాయమ్మ వైపు తిరిగాడు. "అమ్మా, జరిగింది మనసులో పెట్టుకోకండి. క్యాంటీనులో అందరి ముందూ చెప్తాను, తప్పు మీది కాదని. మీ ఊళ్ళో కూడా వచ్చి చెప్పమంటే చెప్తాను. రేపటి నుంచి పాలు పంపించండి."

సాయమ్మ కుర్చీలోంచి లేచింది. నిన్నటి నుంచి ఆమె వినాలనుకున్న మాట అదే. పద్దెనిమిదేళ్ళ పేరు తిరిగి వచ్చింది. కూతురు మూడో గుండీ విప్పుతోంది.

"పంపను," అంది.

"అదేంటమ్మా?"

"పరీక్ష లేకుంట నా పాలు ఎవరికీ పొయ్య. కన్నతల్లి పాలని తెలిసినా గదే రాస్తుంటి అన్నది. తన రాత తప్పయితే, సారు ముంగట, మీ ముంగట తప్పని జెప్పింది. గిసొంటి మనిషి సూసినంకనే నా పాలు క్యాంటీనుల పడాలె." కూతురి దగ్గరకు వెళ్ళి, విప్పిన గుండీ మళ్ళీ పెట్టింది. "ఈ బల్ల కాడ నా బిడ్డ ఉంటే చెప్పుండ్రి. రేపు తెల్లారకముందే క్యాన్లు తెస్త."

ఆనందరావు రామబ్రహ్మం వైపు చూశాడు. రామబ్రహ్మం బల్ల మీది తాళంచెవి వైపు చూశాడు.

నలుగురికీ అందేంత దూరంలోనే ఉంది అది. ఎవరూ చెయ్యి చాపలేదు.